నాన్న పంచమం దిగిందన్నారు, యాప్ సరిగ్గానే ఉందంటోంది

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఎనిమిది పేజీలుంది. పేరు, ఆఫీసు వివరాలు తీసేసి, కుదించి చెబుతున్నాను.

ఆయన వయసు 34. సొంతూరు విజయనగరం పక్కన. తొమ్మిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఐదో అంతస్తులో సొంత ఫ్లాటు, నెలకి 31,000 ఈఎంఐ. రాత్రిళ్ళు, శని ఆదివారాలు ఆయన లోకం వేరు. పీవీసీ పైపులతో బూరలు చేస్తారు. పాత బజర్లలోంచి పీజో బిళ్ళలు పీకి మైకులుగా వాడతారు. చేతి ఫ్యాను మోటారుకి తోలుముక్క కట్టి, అది తీగని ఆగకుండా రాస్తూ ఉండేలా అమరుస్తారు. అలా గంటల తరబడి ఒకే శ్రుతి మోగిస్తారు. దీన్ని డ్రోన్ సంగీతం అంటారు. ఒక పెళ్ళిలో బావమరిది గర్వంగా "మా బావ డ్రోన్లు తయారుచేస్తారు" అని పరిచయం చేస్తే, గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన మిరపతోటకి మందు కొట్టేది ఎంతకిస్తారని అడిగాడట.

ఇప్పుడు ఆయనకి విదేశంలో ఒక ఆర్టిస్ట్ రెసిడెన్సీ నుంచి మూడు నెలలు వచ్చి పనిచేసుకోమని పిలుపు వచ్చింది. వసతి వాళ్ళది, తిండికి సరిపడా స్టైపెండ్ ఇస్తారు, టికెట్, వీసా ఖర్చులు మాత్రం మనవే. ఉద్యోగం మానేసి వెళ్ళాలని ఆయనకుంది. ఈలోగా కింది ఫ్లాటువాళ్ళు అసోసియేషన్‌లో ఫిర్యాదు చేశారు. నాలుగు నెలల పసిబిడ్డ ఆ మోతకి నిద్రపోవడం లేదని. ఈయన ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి మీటింగులో అందరికీ చూపించారు. 42 డెసిబెల్స్ వచ్చింది. రూలు ప్రకారం తప్పు లేదని అందరూ ఒప్పుకున్నారు. కింది ఫ్లాటువాళ్ళు మాట్లాడటం మానేశారు.

అన్నిటికన్నా పెద్ద బాధ నాన్నగారిది. తాతగారు ఊళ్ళో భజన గోష్ఠిలో తంబూర మీటేవారు. ఆయన పోయాక అది అటక మీదే ఉండిపోయింది. రెండేళ్ళ కిందట సంక్రాంతికి సున్నాలు వేస్తుంటే దాన్ని కిందికి దించారు. ఈయన హైదరాబాద్ తెచ్చుకున్నారు. తర్వాత తంబూర కుండకి రెండు రంధ్రాలు వేసి బోల్టులు బిగించి, తన గదిలో గోడకి కట్టుకున్న తీగలకి జోడించారు. ఆ వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. గత ఉగాది నుంచి నాన్నగారు కొడుకుతో మాట్లాడటం లేదు. శ్రావణంలో కంటి శుక్లం ఆపరేషన్‌కి వచ్చి ఎనిమిది రోజులున్నారు. కోడలితోనే మాట్లాడారు. ఒక రాత్రి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, కాసేపు విని, "పంచమం కాస్త దిగింది" అని వెళ్ళిపోయారట. పంచమం అంటే సరిగమల్లో పా, దిగిందంటే శ్రుతి తగ్గిందని.

దీని పక్కనే బ్రాకెట్లో, ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ గురించి ఇలా రాశారు: "యాప్‌లో చెక్ చేశాను, సరిగ్గానే ఉంది."

ఆయన అడిగిన ప్రశ్నలు మూడు. నేను చేసేది సంగీతమేనా? ఉద్యోగం మానెయ్యాలా? నాన్నకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

సమాధానం:

మొదటి ప్రశ్న మీద ఎక్కువ టైమ్ పెట్టను, ఎందుకంటే అది మీ అసలు ప్రశ్న కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా దానికి మళ్ళీ తలుపు తెరవలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మన ఊళ్ళల్లో హార్మోనియం లేకుండా పద్యనాటకం ఆడిందా? ఏది వాద్యం, ఏది కాదు అని పెద్దలు ఒక పక్క తేలుస్తుంటే, ఇంకో పక్క జనం వాయించుకుంటూనే ఉంటారు. మీదీ అంతే, వాయించుకోండి.

మీ నాన్నగారు దీన్ని "విదేశీ పిచ్చి" అన్నారని రాశారు. అది మాత్రం నిజం కాదు. మీరు అభిమానించే డ్రోన్ సంగీతకారుడు యోషి వాడా జపాన్‌లోని క్యోటోలో పుట్టి 1967లో న్యూయార్క్ వెళ్ళారు. అక్కడ ప్లంబింగ్ పని చేశారు. ఆ పైపులతోనే పొడవాటి కొమ్ములు చేసి ఊదారు. ఖాళీ ఈతకొలనులో రికార్డు చేశారు. మరి ఆయన పాట నేర్చుకున్నది ఎవరి దగ్గర? లాహోర్‌లో పుట్టిన హిందుస్తానీ గాయకుడు, కిరానా ఘరానా సంప్రదాయానికి చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర. 1970లో ప్రాణ్‌నాథ్ అమెరికా వెళ్ళాక లా మోంటే యంగ్, టెర్రీ రైలీ లాంటి అక్కడి స్వరకర్తలు ఆయన ముందు కూర్చుని తంబూర మీటారు. మీకు యూట్యూబ్‌లో దొరికిన సంగీతం సగం దారి తంబూర మీదుగానే వచ్చింది. మీ అటక మీద ఉన్నదీ తంబూరే.

కానీ ఈ ముక్క పట్టుకెళ్ళి నాన్నగారి ముందు పెట్టకండి. మీ ఉత్తరం చదివితే నాకు తెలిసిందేమంటే, వాదనలో గెలవడం మీకు బాగా వచ్చు. మీటింగులో 42 చూపించి గెలిచారు. నాన్నగారి మాటకి యాప్ చూపించి గెలిచారు, ఆయన ఎదుట కాకపోయినా మీ మనసులో. రెండుసార్లూ ఒక మనిషి చెవికి వినబడినదాన్ని మీ ఫోను కొట్టేసింది. రెండుసార్లూ ఫోనే తప్పు.

ముందు పంచమం సంగతి చూద్దాం. మీ కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ మోతకి సా కలుపుకున్నానని రాశారు. అది చదివి నవ్వొచ్చింది, నచ్చింది కూడా. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఊపులు), ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర మోగుతుంది. సా 100 అయితే, చెవికి హాయిగా కలిసే పంచమం సరిగ్గా 150. మూడుకి రెండు. తంబూర మీటేవాళ్ళు వెతికేది అదే. మామూలు ట్యూనర్ యాప్‌లకి తెలిసింది పియానో లెక్క. సా నుంచి పై సా దాకా ఉన్న స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే ఆ లెక్కలో పంచమం 149.83 దగ్గర పడుతుంది. తేడా ఎంత? ఆ పన్నెండింటిలో ఒక భాగంలో నూటికి రెండు వంతులు. పాటలో అయితే ఎవరికీ పట్టదు.

డ్రోన్‌లో పడుతుంది. ఏ తీగైనా అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతల దగ్గర కూడా సన్నగా మోగుతుంది. మీ సా తీగలో మూడింతల స్వరం 300 దగ్గర మోగుతుంది. పంచమం తీగలో రెండింతల స్వరం 300కి రావాలి, మీది 299.66 దగ్గర ఆగింది. ఈ రెండూ ఒకదానికొకటి తగిలి మూడు సెకన్లకోసారి చిన్న అలలా లేచి పడుతుంటాయి. ఈ రాత్రే వినండి. మోటారు పెట్టి, కళ్ళు మూసుకుని, పై స్వరాల్లో ఎక్కడో "వా... వా..." అని నెమ్మదిగా ఊగేది పట్టుకోండి. దొరికాక పంచమం తీగని వెంట్రుకవాసి బిగించండి. అల నిదానిస్తుంది. ఇంకా బిగిస్తే ఆగిపోతుంది. ఆగిన చోటే మీ తాతగారి పంచమం.

అంటే డెబ్భై దాటిన మనిషి, కంటికి కట్టుతో, కోపంతో, గుమ్మం దగ్గర నిలబడి ఆ కొద్దిపాటి తేడా విన్నారు. హార్మోనియం మీద పాతకాలం విద్వాంసుల అభ్యంతరాల్లో ఇది కూడా ఒకటి, దాని స్వరాలు ఇలా లెక్కకి సర్దినవని. మీ నాన్నగారికి ఆ చర్చ తెలియకపోవచ్చు, చెవికి తెలుసు. భజనలో తంబూర పక్కన కూర్చుని పెరిగిన చెవి అది. మీ పనిని ఇంత శ్రద్ధగా ఇంతవరకు ఇంకెవరైనా విన్నారా? మీ కచేరీలకి వచ్చే ముప్పై మందిలో ఒక్కరైనా ఆ మాట అన్నారా?

ఎనిమిది పేజీల్లో అన్నిటికన్నా పెద్ద మాటకి మీరు బ్రాకెట్లో జవాబు రాశారు.

ఇక కింది ఫ్లాటు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని ఉన్న మాట నిజమే. కానీ ఆ కొలతకి ఒక తిరకాసుంది. మనిషి చెవికి కింది స్వరాలు తక్కువ వినిపిస్తాయని మీటరు వాటిని తగ్గించి లెక్కేస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు సుమారు 19 డెసిబెల్స్. మాటలకీ హారన్లకీ పనికొచ్చే కొలత, గంటల తరబడి ఆగకుండా మోగే మీ సా విషయంలో బోల్తా పడుతుంది. పైగా మీరు కొలిచింది మీ గదిలో గాలిని. కింద బిడ్డకి చేరుతున్నది గాలి మీదుగా కాదు.

మీ ఫోటో చూశాను. ఐదున్నర అడుగుల తీగలు రెండు, రెండు చివర్లా గోడలోకి యాంకర్ బోల్టులు. వీణకి పైన పలక ఎలాగో మీ వాద్యానికి ఆ గోడ అలాగ. తీగ లాగుడంతా గోడ మీదే. ఆ గోడే కింది అంతస్తులోకి దిగుతుంది. అంటే మీరు వాయిస్తున్నది అపార్ట్‌మెంట్‌ని. (కళాకారుడిగా మీకు ఈ ఆలోచన నచ్చుతుందని తెలుసు. నచ్చనివ్వండి, కానీ బోల్టులు తీసెయ్యండి.)

ఒక సాయంత్రం మీ ఆవిడని మోటారు ఆన్ చెయ్యమని, మీరు కిందికెళ్ళండి. వాళ్ళని అడిగి, బిడ్డని పడుకోబెట్టే గదిలో గోడకి అరచెయ్యి ఆనించి ఐదు నిమిషాలు నిలబడండి. మీటరు తీసుకెళ్ళొద్దు. తర్వాత ఏం చెయ్యాలో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది. తీగల్ని గోడ మీంచి తీసి, విడిగా నిలబడే గట్టి చెక్క చట్రానికి బిగించుకోవచ్చు, కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వేస్తే సరిపోతుంది. మోత గదిలో కాస్త పల్చబడుతుంది, అది మీకు నష్టమే. ఒక పలక జోడిస్తే కొంత తిరిగొస్తుంది. రాత్రి పది దాటాక పీజో బిళ్ళని ఆంప్లిఫైయర్‌కి కలిపి హెడ్‌ఫోన్స్‌లో వినండి. లేదా అసలు ఇంట్లో పెట్టకుండా ఊరి చివర ఏ గోడౌనో చూసుకోవచ్చు. అమెరికన్ సంగీతకారిణి ఎలెన్ ఫుల్‌మాన్ 1980ల నుంచి చేస్తున్న వాద్యానికి తీగలే పదుల అడుగుల పొడవు. వేళ్ళకి రోజిన్ (వయొలిన్ కమానుకి రాసే జిగురు) రాసుకుని, ఆ తీగల మధ్య నడుస్తూ మోగిస్తారు. అది ఏ ఫ్లాట్‌లోనూ పట్టదు, ఆవిడ పెద్ద హాళ్ళు వెతుక్కుంటారు. గోడౌన్ అయితే అద్దె పడుతుంది, రాత్రి పదకొండింటికి ఆలోచన వస్తే వెంటనే వెళ్ళలేరు. ఎంచుకోవడం మీ ఇష్టం. వాళ్ళు ఇక పలకరించకపోవచ్చు కూడా. మీటింగులో నలుగురి ముందు ఓడిపోయినవాళ్ళకి టైమ్ పడుతుంది.

ఉద్యోగం గురించి. మీరు భావాలు చాలా రాశారు, అంకెలు ఒక్కచోటే రాశారు, నేను ఆ ఒక్కచోటే పట్టుకున్నాను. దాచుకున్నది 4,20,000. ఈఎంఐ కాక ఇంటిఖర్చు 25,000. మీ ఆవిడ జీతం 24,000. టికెట్, వీసా, మిగతావి కలిపి 90,000. మీరు రాజీనామా చేస్తే ఇంట్లో నెలకి 32,000 లోటు. మూడు నెలలకి 96,000, ప్రయాణం కలిపితే 1,86,000. తిరిగొచ్చేసరికి చేతిలో 2,34,000 ఉంటాయి. అంటే ఏడు నెలలు. ఏడు నెలల్లో డ్రోన్ సంగీతం ఈఎంఐ కట్టదు. యోషి వాడాకి కూడా కట్టలేదు, ఆయన పైపులు బిగించుకునే బతికారు. కాబట్టి రాజీనామా అంటే నా లెక్కలో "తిరిగొచ్చి ఏడు నెలల్లో ఇంకో ఉద్యోగం" అనే అర్థం. అది మీకు సమ్మతమైతే అందులో సిగ్గుపడాల్సింది లేదు, చాలామంది చేస్తారు. కానీ ఇంకొకటి కూడా చూడండి. ఆఫీసు ఇన్సూరెన్సులో మీ నాన్నగారి పేరుందని రాశారు. ఆయనకి రెండో కన్ను ఆపరేషన్ మిగిలే ఉంది. ఉద్యోగంలో చివరి రోజుతో అది కూడా పోతుంది.

జీతం లేని సెలవు "ఇవ్వరు" అని రాశారు. అడిగారా? ఉత్తరంలో ఎక్కడా అడిగినట్టు లేదు. మేనేజరు మొహం చూసి ఊహించినట్టుంది. అడిగితే ఇవ్వకపోవచ్చు, పైగా మీ మనసు ఉద్యోగం మీద లేదని తెలిసిపోయి వచ్చే ప్రమోషన్‌కి గండి పడొచ్చు. ఆ రిస్కు ఉంది. కానీ దానికీ రాజీనామాకీ చాలా దూరం ఉంది. మూడు నెలలు కాక ఆరు వారాలకి వస్తానని రెసిడెన్సీవాళ్ళని అడగొచ్చు, వచ్చే ఏడాదికి మార్చమనొచ్చు. వాళ్ళూ కాదంటే పిలుపు పోతుంది. ఈసారికి పోయినా మీ చేతిపని ఎక్కడికీ పోదు. అయితే ఊరికే వదులుకుని, పదేళ్ళ తర్వాత "ఇంటికోసం మానుకున్నాను" అని ఇంట్లోవాళ్ళకి లెక్కచెప్పే మనిషిగా మారతారని మీకే అనుమానముంటే, వెళ్ళండి. ఆ లెక్క 1,86,000 కన్నా ఖరీదు.

ఇక్కడ మీ ఆవిడ గురించి ఒక మాట. "తను ఏమీ అనదు, చాలా సపోర్ట్" అని ఒకే వాక్యం రాశారు. నెలకి 32,000 లోటు ఎవరి జీతం చుట్టూ తిరుగుతుంది? మామగారి ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు సెలవు పెట్టింది ఎవరు? ఏమీ అనకపోవడానికి ఒప్పుకోవడం ఒక కారణం. అలసిపోవడం ఇంకొకటి. పై అంకెలు ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టి, "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. పెన్ను ఆవిడకివ్వండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు, దానికి సిద్ధపడే అడగండి.

ఇప్పుడు మళ్ళీ నాన్నగారి దగ్గరికి. "ఆయనకి నా సంగీతం అర్థం కాదు" అని మూడుచోట్ల రాశారు. ఆయన కోపం సంగీతం మీద కాదనుకుంటాను. తంబూర ఇవ్వనన్నారా? లేదు, మీరు తెచ్చుకుంటుంటే బస్సు దాకా మోసుకొచ్చింది ఆయనే అని మీరే రాశారు. రంధ్రాలు పడ్డ సంగతి ఆయనకి ఎవరో మేనల్లుడు పంపిన వీడియోలో తెలిసింది. తండ్రి వస్తువు మీద డ్రిల్లు పెట్టే ముందు ఒక్క ఫోన్ కాల్ చెయ్యలేదు కొడుకు. దీనికి సంగీతం తెలియక్కర్లేదు.

రంధ్రాలు పూడ్పించి "సర్‌ప్రైజ్" ఇద్దామని కూడా రాశారు. దయచేసి ఆగండి. పనికి తగిన మనుషులు మీ ఊరికి దగ్గర్లోనే ఉన్నారు, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. అదే చెక్క ముక్కతో పూడ్చి, మెరుగు పట్టించి ఇవ్వగలరేమో వాళ్ళు చూసి చెబుతారు. కానీ అడక్కుండా పూడ్పిస్తే, అడక్కుండా తొలిచినదానికి ఇది రెండోది అవుతుంది. ఆయన "పూడ్పించు" అనొచ్చు, "నా దగ్గరికి తెచ్చి పడెయ్యి" అనొచ్చు, "చేసిందేదో చేశావు, ఉండనీ" అనీ అనొచ్చు. తెచ్చి పడెయ్యమంటే మీ వాద్యంలో సగం పోతుంది, కొత్త కుండ చేయించుకోవాలి. అది మీరు భరించాల్సిన ఖర్చే అనుకుంటాను.

క్షమాపణ ఎలా చెప్పాలని అడిగారు. క్షమాపణతో మొదలుపెట్టకండి, ఆయనకి ఇబ్బంది. పంచమంతో మొదలుపెట్టండి. "నాన్నా, పంచమం దిగిందన్నారు కదా, నిజమే. నేను యాప్ నమ్మాను." రంధ్రాల సంగతి ఆ తర్వాత, అదే కూర్చోవడంలో, సాకులు లేకుండా. రెసిడెన్సీ ఊసు ఆ రోజు ఎత్తకండి. ఎత్తితే ఈ మాటలన్నీ దానికోసమే అనిపిస్తాయి. ఆయన వెంటనే కరిగిపోతారని నేను చెప్పను. "ఊఁ" అని పేపరు తీసుకోవచ్చు. ఉగాది నుంచి బిగిసిన మనిషి ఒక్క పూటలో వదులవుతారా?

ఇదంతా ఫోన్‌లో చేద్దామనుకోకండి. మీ సా ఫోన్‌లో సరిగ్గా పలకనే పలకదు, అంత కింది స్వరాన్ని ఆ చిన్న స్పీకరు వదిలేస్తుంది. ఆయనకి వినిపించాలంటే తంబూర పట్టుకుని రాత్రి రైలెక్కాల్సిందే. బోల్టులు తీసి, మామూలుగా నాలుగు తీగలు వేసి, కొంచెం నూలు కూడా దగ్గర పెట్టుకోండి, బ్రిడ్జి మీద తీగ కింద దూర్చడానికి. ఆ నూలు ఎక్కడ నిలిపితే తంబూర పలుకుతుందో యాప్ చెప్పలేదు, ఆయన చెప్పగలరు. పొద్దున్నే కాఫీ అయ్యాక, అరుగు మీద పెట్టి, పంచమం కలపమని ఆయన చేతికివ్వండి. ఆయన కలిపాక చెక్ చెయ్యడానికి ఫోను తియ్యకండి.